లిస్బన్‌లో ఎక్కడ తినాలి

పద్మశ్రీ మిరపకాయ బజ్జీల ఇంకో వాయి నూనెలో వేస్తుంటే, ముందుగదిలోంచి భర్త రాంచందర్ గొంతు వంటింటిదాకా వినిపిస్తోంది. సకల జనుల సమ్మె మొదలైనప్పటినుంచి యూనివర్సిటీ క్వార్టర్స్‌లోని ఆ ఇంట్లో రోజూ మీటింగే. ఆమె ఇంగ్లీషు పాఠాలు చెప్పే బడి కూడా సమ్మెలో మూతపడింది. ఇంట్లో పని మాత్రం రెట్టింపైంది. ఇవాళ మాట లిస్బన్ మీదికి మళ్లింది. రాంచందర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కాత్యాయని సదస్సుకని అక్కడికి వెళ్తోంది.

"కొండమీద ఒక హోటలున్నది. మిద్దెమీద టేబుళ్లేస్తరు. కింద నది. పొద్దుగూకేటప్పుడు గాడ కూసోని, నిప్పులమీద కాల్చిన చేపలు తినాలె. అది చూడకుంట వస్తే పోవుడే దండుగ!" అంటున్నాడు రాంచందర్.

ఆ మిద్దె పద్మశ్రీకి తెలుసు. రెండేళ్ల కిందట ఆయన అక్కడికి సదస్సుకు వెళ్తే తనూ వెళ్లింది. "బయటి తిండి నాకు పడదు, నువ్వుంటే ఇంత పప్పన్నం దొరుకుతది" అని తీసుకెళ్లాడు. పొద్దున్నే అద్దెగదిలో వండి డబ్బా కట్టిచ్చేది. సాయంత్రాలు మాత్రం ఆయన బయటే తినేవాడు. "అందరు ఇంగ్లీషుల మాట్లాడుకుంటరు, నీకు బోర్ కొడతది" అనేవాడు, ఇంగ్లీషు టీచరైన భార్యతో. ఓ సాయంత్రం చలిగాలి మొదలైతే, ఆయన మరిచిపోయిన స్వెట్టర్ పట్టుకుని ఆ కొండ మెట్లన్నీ ఎక్కింది. రంగు గొడుగుల కింద అందరూ నవ్వుకుంటున్నారు. ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. రాంచందర్ గబగబా గుమ్మందాకా వచ్చి, స్వెట్టర్ అందుకుని, "పైలంగ పో" అన్నాడు.

బజ్జీల పళ్లెం తెచ్చి పెడుతుంటే కాత్యాయని అడిగింది: "మేడమ్, గాడ మీకేది నచ్చింది?"

"ఆమెకు బయటి తిండి నచ్చదు" అన్నాడు రాంచందర్.

"నచ్చదని నేనెప్పుడన్న?" పద్మశ్రీ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "నేను మెట్లదాకనే పోయిన, కాత్యాయనీ. లోపలికి రమ్మనలే."

అప్పటిదాకా స్వపరిపాలన గురించి వాదించుకున్నవాళ్లంతా చాయ్ కప్పుల్లోకి చూశారు. ఆమె వెళ్లి స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని, సంచీ తీసుకుంది.

"యాడికి? పదిమందికి వంట కావాలె గద!"

"పదిమంది ఉన్నరు గద" అంది.

తార్నాకలో ఒక హోటల్ ముందు, ఆరుబయట రెండు టేబుళ్లు వేసున్నాయి. "పార్సిలా మేడమ్?" అన్నాడు సర్వర్. ఇన్నేళ్లూ అక్కడ ఆమె కొన్నవన్నీ పార్సిళ్లే.

"కాదు. గీడనే కూసోని తింట."

"ఏం తింటరు?"

రోజూ అందరినీ తను అడిగే మాట. తననెవరైనా అడిగి ఎంత కాలమైందో.

"జర ఆగు బాబూ" అంది, కుర్చీలో వెనక్కి వాలి. "ఆలోచించుకోనీ."