ఊరుకోని చెయ్యి

బడి ముందు రోడ్డు మీద స్టాప్ అని రాసిన ఎర్ర పలక పట్టుకుని పదకొండేళ్లుగా పిల్లల్ని దాటిస్తున్నదాన్ని, జనం రోడ్డు దాటేచోటే డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పాను. ఈ మాట చెబితే ఎవరు నవ్వరు? మా ఆయన తాగుతున్న మంచినీళ్లు పొలమారేదాకా నవ్వాడు. నేను మాత్రం నెత్తి మీద తట్టలేదు.

నా మోకాళ్లు ఇక నిలబడలేమంటున్నాయి. సామాను తెచ్చే బడి వ్యాను డ్రైవరు మానేస్తున్నాడనీ, సోమవారంలోగా లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని నాకేననీ హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పారు. తేలేకపోతే పిల్లల్ని వదిలేసి ఇంట్లో కూర్చోవాలి. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చేది. మూడో పరీక్ష శుక్రవారం.

నేర్పేది మా అన్నయ్య కూతురు. సొంతంగా డ్రైవింగ్ స్కూల్ నడుపుతోంది, నన్ను తిట్టే హక్కు కూడా సంపాదించుకుంది. వంటింటి బల్ల మీద సుద్దముక్కతో రోడ్లు గీసి చూపించింది. రోడ్డు మీద ఒట్టి తెల్లచారలే ఉన్నచోట మనిషి అడుగు పెట్టబోతుంటే చాలు, మనం ఆగాలి. నడిచేవాళ్లు మీట నొక్కే సిగ్నల్ ఉన్నచోట లైటు చెప్పినట్టు వినాలి. మధ్యలో నిలబడటానికి దిమ్మె ఉంటే, అక్కడికి చేరినవాళ్లు మనవైపు రాబోతున్నారేమో చూడాలి. పలక పట్టుకున్న మనిషి ఉంటే, పలక దించేదాకా చక్రం కదలకూడదు. ఈ చివరిది నాకే చెబుతోందే అని ఒళ్లు మండింది.

పాఠమంతా నాకు నోటికొచ్చు. నా చెయ్యే ఊరుకోదు. మొదటిసారి చారల దగ్గర ఒక ముసలాయన కోసం పద్ధతిగా ఆగాను. అక్కడితో ఆగానా? కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రండి రండి అన్నాను. నన్ను నమ్మి ఆయన వచ్చేశాడు. పక్క వరసలోంచి దూసుకొచ్చిన స్కూటరు ఆయన చేతిసంచీని తాకి ఆగింది. రెండోసారి నాకు పచ్చలైటు పడినా ఆగి, బిడ్డనెత్తుకున్న ఒకావిడను చేత్తో పిలిచాను. ఆవిడకు ఎర్రలైటు ఉందని పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు అంటే, నాకు పదకొండేళ్ల అనుభవం ఉందని వాదించాను. ఆయన నా అనుభవాన్ని పట్టించుకోకుండా కాగితం మీద గీత కొట్టేశాడు.

"అత్తా, నీ పని ఆగటం వరకే," అంది మా మేనకోడలు శుక్రవారం పొద్దున, నా కుడిచేతికి బిగుతుగా ఒక రబ్బరు బ్యాండు తొడుగుతూ. "నువ్వు రమ్మంటే వాళ్లు వచ్చేస్తారు. పక్కనుంచి వచ్చేవాడు ఆగుతాడని నీకేం తెలుసు?"

ఆ రోజు చారల దగ్గర బుద్ధిగా ఆగాను. సిగ్నల్ దగ్గర లైటు మాట విన్నాను. దిమ్మె మీద నిలబడ్డ మనిషి దాటేదాకా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఇక గట్టెక్కినట్టే అనుకుంటుండగా ఇన్‌స్పెక్టరు ఎడమవైపు తిరగమన్నాడు. అది మా బడి రోడ్డు, బడి వదిలే వేళ.

నా చోట బడి వాచ్‌మన్ నా పలక పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. కారు ఆపాను. గట్టు మీద పదిహేనుమంది పిల్లలున్నారు. వాళ్లలో రెండు జడల పిల్ల నన్ను చూసి, స్టాప్ ఆంటీ కారులో ఉందని అందరికీ చెప్పేసింది. అంతే, ఒక్కరూ కదల్లేదు. నా చెయ్యి ఊగేదాకా గట్టు దిగొద్దని నేర్పింది నేనే మరి. వాచ్‌మన్ రమ్మని గొంతు చించుకుంటున్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు పెన్ను పైకి లేచింది. పదిహేను జతల కళ్లు నా చేతినే చూస్తున్నాయి.

ఊపితే క్షణంలో దాటేస్తారు. చెయ్యి అప్పటికే సగం లేచింది. రబ్బరు బ్యాండు చురుక్కుమంది. అప్పుడు తట్టింది నాకు. రోడ్డు మధ్యలో నిలబడ్డప్పుడు రెండువైపులా కనిపించేది. ఇప్పుడు ఎదురుగా ఆగి ఉన్న ఇసుక లారీ తప్ప నాకేమీ కనిపించటం లేదు. చెయ్యి దించి, పిల్లల మీదనుంచి చూపు తిప్పి వాచ్‌మన్ వైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి రెండు జడల పిల్ల కూడా అటే చూసింది. ఆ తర్వాత మిగతావాళ్లూ చూశారు.

వాచ్‌మన్ పిల్లల్ని మళ్లీ రమ్మనబోయి, లారీ వెనకవైపుకి గట్టిగా అరచెయ్యి చాపాడు. అక్కడినుంచి ఒక మోటారుసైకిలు కీచుమంటూ వచ్చి ఆగింది. ఆ తర్వాతే ఆయన పిల్లల్ని రమ్మన్నాడు. ఆయన చెయ్యి చూసి వాళ్లు దాటుతుంటే సంతోషమేసింది, కాస్త కుళ్లు కూడా పుట్టింది.

అవతలికి చేరాక రెండు జడల పిల్ల వెనక్కి తిరిగి, అచ్చం నాలాగే చెయ్యి ఊపి నన్ను రమ్మంది. నవ్వొచ్చింది కానీ నేను కదల్లేదు. పలక దిగాకే కారు కదిలించాను.

"ఆ పాప రమ్మంటే ఎందుకు కదల్లేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, సంతకం పెడుతూ.

"పలక ఆ పిల్ల చేతిలో లేదు కదండీ," అన్నాను.

పాసైన కాగితం పట్టుకుని ఆఫీసు బయటికొచ్చేసరికి మా మేనకోడలు రోడ్డుకు అవతల ఎదురుచూస్తోంది. ఆ ఆనందంలో రబ్బరు బ్యాండు తీసేసి, రమ్మని చెయ్యి ఊపాను. అది రాలేదు. కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, మళ్లీ కుడివైపు చూసి, అప్పుడు దాటింది.