గట్టు దాటిన పిప్పరమెంటు

కాలువకి అడ్డంగా వేసిన చెక్క కిర్రుమంటే చాలు, దాటుతున్నది తన మొగుడు కిచిజో అని షిగెనో ఉల్లి మడిలోంచి తల ఎత్తకుండానే చెప్పగలదు. మిగతావాళ్ళు దాటితే ఆ చెక్క ఇంతలా అరవదు. మధ్యాహ్నం మూడింటి విరామానికి పనివాళ్ళు ఇంకా నడుములు పట్టుకుని లేస్తూ ఉండగానే అతను అవతలి గట్టు ఎక్కేసేవాడు.

అవతలి గట్టున తోమియె ఇల్లు. ఇంటి ముందు అరుగు, అరుగు మీద నల్లటి ఇనప టీ కుండ. తోమియె ఆ కుండ మూత తీసేదాకా ఎవరూ మాట్లాడరు. మూత తీయగానే పిప్పరమెంటు ఆకు వాసన కాలువ దాటి ఉల్లి మడుల దాకా వచ్చేది. చల్లగా, ముక్కులోంచి తల వెనక దాకా పాకేది. ఆ వాసన తగిలితే షిగెనోకి ఒళ్ళు మండేది.

"తోమియె అక్క చేతి టీ పడితే నిన్న తిన్నది కూడా అరిగిపోతుంది," అనేవాళ్ళు పనివాళ్ళు.

"నిన్నటిది నిన్నే అరగాలిరా, ఇవాళ్టి దాకా దాచుకుంటే ఎట్లా?" అనేది తోమియె. అందరూ నవ్వేవాళ్ళు. కిచిజో అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఇంట్లో ఆ నవ్వు షిగెనో ఎప్పుడూ వినలేదు.

అన్నిటికంటే ఆమెకి గుచ్చుకునేది పిలుపు. తోమియె అతన్ని "ఒరే కిచిజో" అనేది. చిన్నప్పుడు ఒకే బడిలో చదివారట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా షిగెనో మాత్రం "ఏమండీ" దగ్గరే ఉంది.

ఒక వాన రోజున ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చుని అత్తగారు తనంతట తానే చెప్పింది. "అప్పట్లో మావాడికి తోమియెని అనుకున్నాంలే. ఆ పిల్ల తండ్రికి పట్నం సంబంధం దొరికింది. ఆ మొగుడు పోయాడు, ఇది తిరిగొచ్చింది. అయిపోయిన మాట."

అత్తగారికి అయిపోయిన మాటే. షిగెనోకి ఆ రోజే మొదలైంది.

షిగెనోది ఉత్తరపు సముద్రం ఒడ్డు. పుట్టింట్లో వాళ్ళు చలికాలమంతా ఉప్పుచేప తింటారు, చేపగుడ్లు ఉప్పులో ఊరవేస్తారు. ఆమె వంట కూడా అంతే. రాత్రి భోజనానికి ఉప్పుచేప కాల్చి పెట్టి, "ఇంకో ముక్క వేసుకోండి," అనేది. కిచిజో వేసుకునేవాడు. "బాగుంది," అనేవాడు. తరవాత చెయ్యి పొట్ట మీద పెట్టుకుని గోడకి ఆనుకునేవాడు. కడుపు నిండిన మనిషి అలాగే కూర్చుంటాడనుకునేది ఆమె.

పోయిన వేసవిలో ఒకనాడు పంతం చంపుకుని తోమియెనే అడిగింది. "అక్కా, ఆ టీ ఎట్లా చేస్తారు?"

"ఏముంది షిగెనో? ఆకు వేయడం, వేడినీళ్ళు పోయడం." అని ఒక కట్ట ఆకు చేతిలో పెట్టింది.

షిగెనోకి తెలిసిన టీ బార్లీ టీ ఒక్కటే. గింజలు వేసి, తెర్లి తెర్లి నీళ్ళు నల్లబడేదాకా మరిగించాలి. ఇదీ అలాగే మరిగించింది. వాసనంతా కిటికీలోంచి పోయింది. చేదు మాత్రం కుండలో మిగిలింది.

కిచిజో ఒక గుక్క తాగి గిన్నెలోకి చూశాడు. "ఇది... మందా?"

అత్తగారు వాసన చూసి, "గుమ్మం దగ్గర పెట్టవే కోడలా, దోమలన్నా చస్తాయి," అంది.

కావాలనే సగం చెప్పిందని షిగెనో తేల్చుకుంది. మళ్ళీ అడగలేదు. కలుపు తీస్తూనే ఆ వేసవంతా అటు ఒక కన్ను వేసి ఉంచింది.

ఈ ఊళ్ళో ఒకప్పుడు ఎటు చూసినా పిప్పరమెంటు చేలే. ధర పడిపోయాక అందరూ పీకేసి ఉల్లి వేశారు. కాలువ అవతల తోమియె వైపు గట్టు మీద మాత్రం కొంత మిగిలి, ఎవరూ నీళ్ళు పెట్టకుండా, ఎరువు వేయకుండా, అడవి మొక్కలా పెరిగింది. తోమియె అక్కడ కోసేది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసేది. పూమొగ్గ కనబడ్డ కొమ్మని ముట్టుకునేది కాదు. కట్టలు కట్టి చూరు కింద నీడలో వేలాడదీసేది. ఎండలో పెడితే ఆకు పచ్చగానే కనిపిస్తుంది గానీ అందులో ప్రాణం ఉండదని ఎవరితోనో అంటూంటే వినబడింది. ఎండిన ఆకుని నలిపి దాచేది కాదు, కుండలో వేసేటప్పుడే చేత్తో చిదిమేది. నీళ్ళు మరిగాక పొయ్యి మీంచి దించి, బుడగలు అణగనిచ్చి అప్పుడు పోసేది. వెంటనే మూత. మూత తీసేటప్పుడు కూడా దాన్ని పక్కకి ఒంచి, లోపల పట్టిన చెమ్మ చుక్కలు తిరిగి కుండలోనే పడేలా దులిపేది.

ఇప్పుడు షిగెనోకి అంతా తెలుసు. ఆకే లేదు. ఆకు కావాలంటే మళ్ళీ ఆమెనే అడగాలి. చచ్చినా అడగదు.

శరదృతువు చివర, ఉల్లిపాయలు లారీలకెక్కాక, అత్తగారిని పంటి వైద్యుడి దగ్గరికి కిచిజో తీసుకెళ్ళాడు. తోమియె కూడా ఊళ్ళో లేదు. షిగెనో పార పుచ్చుకుని కాలువ దాటింది. నేల మీద తెల్లటి నూగు మంచు. మట్టి కింద పిప్పరమెంటు వేళ్ళు పగ్గాల్లా అల్లుకుని ఉన్నాయి. నరికింది. ఒక్కో దెబ్బకి ఆ వాసన మొహానికి తగిలేది. తగిలినకొద్దీ ఇంకా నరికింది. ముక్కలైన వేళ్ళు సగం అక్కడే మట్టిలో కలిసిపోయాయి. మిగతా సగం ఆనవాలు దొరకకూడదని గంపలకెత్తి తమ చేలోనే చల్లేసింది.

చేతులు ఇసకతో తోముకుంది, సబ్బుతో కడుక్కుంది. సాయంత్రం అన్నం గిన్నె అందిస్తుంటే కిచిజో ముక్కు ఎగబీల్చాడు.

"తోమియె వచ్చిందా?"

షిగెనో గిన్నె అక్కడే పెట్టి చేతులు వెనక్కి లాక్కుంది. తన చేతులకి కూడా ఆమె పేరే పెట్టాడు ఈ మనిషి.

మర్నాడు అతను ట్రాక్టరుతో చేనంతా దున్నాడు. ఆ పైన మంచు పడింది.

మంచు కరిగింది, ఉల్లి నారు నాటారు. అప్పుడు షిగెనో కాలువ గట్టు చూసింది. నిరుడు చాపంత ఉన్న పిప్పరమెంటు ఈ ఏడు గట్టు పొడవునా పరుచుకుంది. అంతేనా, తమ ఉల్లి సాళ్ళ మధ్య కూడా ఎర్రటి కాడలతో తలలెత్తుతోంది.

అత్తగారు గొంతుకూర్చుని ఒక మొలక పీకి వాసన చూసింది. మట్టి చేతులు మోకాళ్ళ మీద వేసుకుని పకపకా నవ్వింది. "ఎవరో చెయ్యి తిరిగిన మనిషే! మా రోజుల్లో పిప్పరమెంటు నాటడమంటే ఇదే కదే. మంచు పడేముందు వేళ్ళు ముక్కలు కొట్టి మట్టి కప్పేవాళ్ళం. ఒక్క ముక్క కూడా వృథా పోదు. ఇంత బాగా నేను కూడా నాటలేదు."

సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

రెండు రోజులకి షిగెనో ఒంటరిగా కలుపు తీస్తుంటే తోమియె వచ్చి సాలు చివర నిలబడింది.

"నా గట్టు నాటిపెట్టిన పుణ్యాత్మురాలికి దణ్ణం పెట్టిపోదామని వచ్చాను."

షిగెనో తల వంచుకునే పీకుతోంది.

"మనిషి మీద కోపం మొక్క మీద చూపిస్తే మొక్కకే బలం, షిగెనో."

"రోజూ నా మొగుడు మీ అరుగు ఎక్కుతుంటే నేనెవరి మీద చూపించాలక్కా? ఆయన్ని పళ్ళెంలో పెట్టి మీకిమ్మంటారా?"

"నాకోసం ఎక్కుతున్నాడనుకున్నావా?" తోమియెకి నిజంగానే కోపం వచ్చింది. "పొట్ట కోసం ఎక్కుతున్నాడు! నీ ఉప్పుచేపలు తిని, రాత్రంతా కడుపు ఉబ్బి, మూడింటి దాకా బిగపట్టుకుని వస్తాడు. ఈ టీ తాగితే నాలుగు త్రేన్పులు వచ్చి తేలికవుతుంది. పెళ్ళాంతో చెప్పుకోరా అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'సముద్రాన్ని వదిలి నాకోసం వచ్చింది. ఉప్పు కూడా వదలమంటే ఇక దానికేం మిగులుతుంది' అన్నాడు."

చెప్పేసి వెళ్ళిపోయింది.

షిగెనో సాలులోనే కూర్చుండిపోయింది. ఇంకో ఆడదైతే ఆ మాటకి కరిగిపోయేదేమో. ఆమెకి మాత్రం కొత్త మంట పుట్టింది. అంత మంచి మాట అన్నాడు సరే, ఎవరితో అన్నాడు? తనతో అనలేదు. తన గురించిన మాట కూడా ఆ అరుగు మీదే పెట్టి వచ్చాడు. తన నోటితో తనకి చెప్పేదాకా చిటికెడు ఉప్పు కూడా తగ్గించేది లేదని ఒట్టు పెట్టుకుంది. ఆ రాత్రి చేప మామూలుగానే కాల్చింది. "బాగుంది," అన్నాడు అతను, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

కలుపు తీస్తూ పిప్పరమెంటుని మాత్రం ఆమె అంతా పీకేయలేదు. సాళ్ళ మధ్య కొంత ముదరనిచ్చి, మంచు ఆరాక కోసి, తమ చూరు కిందే వేలాడదీసింది. ఆకు గలగలమన్నాక ఒకరోజు మూడింటికి తమ గట్టు మీద చాప పరిచి కుండ పెట్టింది. చిదిమింది, పోసింది, మూత పెట్టింది. మూత కదలనివ్వలేదు.

కిచిజో లేచి రెండడుగులు అటు వేశాడు. అప్పుడు షిగెనో మూత ఒంచి దులిపింది. అతను ఆగిపోయాడు. అవతలి అరుగు చూశాడు, ఇవతలి చాప చూశాడు. వచ్చి చాప మీద కూర్చున్నాడు. పనివాళ్ళు కూడా అటు వెళ్ళాలా ఇటు రావాలా అని తటపటాయించి, దగ్గరగా ఉందని ఇటే వచ్చారు. అతను తాగాడు. గిన్నె మళ్ళీ చాపాడు.

కాసేపటికి తోమియె తన గిన్నె తనే పట్టుకుని వచ్చింది. షిగెనో పోసింది. తోమియె ఒక గుక్క నోట్లో తిప్పి మింగింది.

"ఇది మా ఆకు."

"మా చేలో మొలిచిందక్కా."

"మా గట్టు దాటి వచ్చిందే కదా."

"గట్టు దాటి వచ్చింది ఏదైనా సరే, వచ్చిన చోటిదే."

పనివాళ్ళు కిసుక్కుమన్నారు. తోమియె గిన్నె కింద పెట్టి, తీరిగ్గా కిచిజో వైపు తిరిగింది. "అదే న్యాయమైతే, ఇన్ని వేసవుల నుంచి రోజూ మా గట్టు ఎక్కుతున్నదొకటి ఉంది. దాన్ని నేనెప్పుడో కట్టేసుకోవాల్సింది."

చాప చివర టీ తాగుతున్న అత్తగారికి పొలమారింది. కిచిజో చెవులు ఎర్రబడ్డాయి.

షిగెనో మొహం కూడా ఎర్రబడింది. కానీ ఆమె నోరు ఈసారి ఆగలేదు. "కట్టేసుకోండక్కా, నాకేం అభ్యంతరం లేదు. రాత్రి తిండి మాత్రం నేనే పంపుతాను. ఉప్పుచేప, ముక్క మీద ముక్క."

ముందు తోమియే నవ్వింది. నవ్వి నవ్వి చాప మీద చతికిలబడింది. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. ఆ నవ్వుల మధ్యలో కిచిజో భార్య వైపు ఒంగి, ఎవరికీ వినబడదనుకుని అన్నాడు.

"ఉప్పు... కాస్త తగ్గిస్తావా?"

"ఏమిటీ? వినబడలేదు," అంది షిగెనో.

"ఉప్పు తగ్గించవే, కడుపు చెడుతోంది!"

అందరూ విన్నారు. తోమియె కూడా వింది. షిగెనోకి కావలసింది అదే. ఆమె కుండ ఎత్తి మొగుడి గిన్నె అంచుల దాకా నింపింది. పనివాళ్ళందరికీ పోసింది.

తోమియె గిన్నెలో మాత్రం సగమే పోసింది.