కాగితం వచ్చేదాకా

ఆగిపోయిందేమో, లేదు, కదిలింది, ముప్ఫై రెండు శాతం ముప్ఫై మూడయింది, ఈ ముసలి లాప్‌టాప్‌కు ఇంత కొత్త బరువు మోసే ఓపిక ఉందో లేదో, కింద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది, పొద్దున్న ఆన్ చేసినప్పుడు పాత ఎక్స్‌పీ ఎప్పట్లాగే పచ్చటి గుట్ట, మబ్బుల ఆకాశం చూపించింది, ఇప్పుడు అదంతా తుడుచుకుపోయింది, కొత్తది ఇంకా రాలేదు, నడుమ ఈ అంకె ఒక్కటే, మధ్యలో ఆపకూడదు, ఆపితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, సుధాకర్ సార్‌కేం, ఈ సెంటర్ ఓనరు, కోదాడలో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చెప్పేశాడు, పాత విండోస్‌కి కంపెనీ వాళ్లు ఇంక ఏమీ పంపరంటమ్మా, రిపోర్టుల కొత్త సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కదంట, డీవీడీ సొరుగులో ఉంది, నువ్వే వేసెయ్, ఇవాళ అమావాస్యేగా, ఎవరొస్తారు, అని, నిజమే, అమావాస్య నాడు సూర్యాపేటలో ఏ పరీక్షల సెంటరైనా ఖాళీయే, ఆ రోజు కొత్త జబ్బు పేరు వినాలని ఎవరూ అనుకోరు, అందుకే ఫ్యాన్ల దుమ్ము దులపడం, మిషన్లు బాగుచేయించడం, అన్నీ ఈ రోజుకే పెట్టుకుంటారు, నవనీత ఇక్కడ ఈసీజీ తీసే పనిలో చేరినప్పటి నుంచీ అదే చూస్తోంది, ఇవాళా బెంచీలన్నీ ఖాళీ, ఒక్కటి తప్ప, దాని మీద కాటయ్య మామ కూర్చున్నాడు, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, పక్కన లక్ష్మీనర్సమ్మ అత్త, ఇద్దరి నడుమ సగం తాగిన గోలీసోడా సీసా.

అయిందా బిడ్డా, అన్నాడు మామ, అయితది మామా, జర ఆగు, అంది తను స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే, గా డబ్బ ఏం తింటున్నదే గింతసేపు, మా గొర్రె ఈనేటప్పుడు గూడ గింత నఖ్రాలు చెయ్యది, అని నవ్వబోయి మామ మధ్యలో ఆగాడు, గాలి చాలనట్టు, నోరు మూస్కొని కూసోరాదు, పిల్లను సతాయిస్తవేంది, అంది అత్త, మామ ఎడమ భుజాన్ని కుడి చేత్తో పిసుక్కుంటున్నాడు, నొప్పి ఏడున్నది మామా అని ఇందాకే అడిగింది తను, గ్యాసే బిడ్డా, మొన్న లగ్గంల మటన్ ఎక్కువైంది, మనూరి ఆర్‌ఎంపీ గోలిచ్చిండు, సోడా తాగుమన్నడు, తాగిన, త్రేన్పొస్తలేదు అంతే, అన్నాడు, తుంగతుర్తి దిక్కు గుండెలో ఏం పట్టినా ముందు గ్యాసే, ముందు సోడానే, నలభై ఒకటి, నలభై రెండు, ఈ చెమటేంది మరి, ఎండాకాలం చెమట అందరికీ పడుతుంది, తనకూ పడుతోంది, కానీ మామకు పట్టింది చల్లగా మెరుస్తోంది, మెడ మీద తువ్వాల అప్పుడే తడిసిపోయింది, అమాస నాడు ఎట్లొచ్చిండ్రత్తా, అనడిగితే అత్త గొంతు తగ్గించి, రాత్రంతా కూసునే ఉన్నడు బిడ్డా, ఒరిగితే పానం పోతున్నట్టున్నదన్నడు, తెల్లారంగనే నడువు పోదామన్నడు, ఇయ్యాల అమాస గద అన్న, ఇనలే, అంది, అమావాస్య నాడు ఊరి పొలిమేర దాటని మనిషి, మందను పక్క చేనుకు కూడా మార్చని మనిషి, బస్సెక్కి వచ్చాడంటే, వచ్చాడంటే ఏమిటి, యాభై నాలుగు, దబదబా పెరిగింది, ఇంకెంతసేపు, అయిపోవచ్చింది.

పంపించెయ్యొచ్చు, పక్క సందులో ఇంకో సెంటరుంది, ఆ మాటా అంది తను, మామ చెయ్యి అడ్డంగా ఊపాడు, నాకు నీ మిషనే గావాలె, ఆళ్ళది నేను నమ్మ, అన్నాడు, రెండేళ్ల కింద ఇలాగే ఛాతీ పట్టేసిందని వస్తే ఈ మంచం మీదే పడుకోబెట్టి తనే తీసింది, కాగితం చూసి మంచిగుంది మామా అంది, అంతే, ఊళ్లో మంద కాడ, కల్లు కాంపౌండు కాడ అందరికీ చెప్పుకున్నాడట, నా గుండె లోపట ఏమున్నదో మా అక్క బిడ్డకు తెల్సు, అని, సరే పెద్ద దవాఖానకే పంపితే, కాగితం లేకుండా ఎట్లా, చేతిలో ఈసీజీ కాగితం లేకపోతే అక్కడా గ్యాసే అంటారు, సోడానే తాగమంటారు, పాత పేపర్ మిషన్ ఉండుంటే చిటికెలో తీసిచ్చేది, అది హైదరాబాద్‌కు రిపేరుకు పోయింది, ఇప్పుడున్నదల్లా ఈ తీగల డబ్బా ఒక్కటే, దానికి ఈ లాప్‌టాపే కన్ను, ఈ లాప్‌టాపే నోరు, అదీ ఇప్పుడు అరవై ఎనిమిది దగ్గరుంది, నువ్వే చెప్పొచ్చు కదా అని లోపల ఏదో అంటోంది, చెప్పొచ్చు, చెప్పింది ఒకసారి, తండా నుంచి మంగ్త్యా అని ఒకాయన వస్తే, గీతలు చూసీ చూడగానే గుండెపోటు లెక్కున్నది, జల్ది తీస్కపోండ్రి అంది, వాళ్ల ఆడోళ్లు గుండెలు బాదుకుంటూ ఎత్తుకుపోయారు, తీరా ఏమీ లేదు, ఆయన చెయ్యి కదిపినప్పుడు పడ్డ వంకర గీతలవి, సాయంత్రం సెంటర్‌కు రిపోర్టులు చూడ్డానికొచ్చే డాక్టర్ అందరి ముందర, నువ్వెవరమ్మా చెప్పడానికి, డాక్టర్‌వా, తీగలు పెట్టు, కాగితం తీయ్, చేతికియ్యి, నోరు మాత్రం తెరవకు, అన్నాడు, సుధాకర్ సార్ పక్కనే ఉండి నేలచూపులు చూశాడు, ఆ రోజు నుంచి తను కాగితం చేతికిచ్చి డాక్టర్‌కు చూపించండి అంటుంది, ఎవరు ఎంత బతిమాలినా అంతే, నోరు తెరవకపోతే తప్పు జరగదు, అదొక అలవాటయింది, ఆ అలవాటే మంచి పేరూ అయింది, నవనీత పని చూసుకునే పిల్ల అంటారు, ఎనభై.

ఆరిపోయి వెలిగింది, మళ్లీ ఆరింది, రీస్టార్ట్, బయట రోడ్డు మీద సోమవారం నాటి కొత్త రాష్ట్రం సంబరాలకు మైకులు కడుతున్నట్టున్నారు, హలో హలో అని ఎవరో ఒకటే అరుపు, అయిందా బిడ్డా, ఇగ అయింది మామా, లే, అంగీ విప్పి పండుకో, తీగలు పెడత, గీ లోపు అది వస్తది, మామ లేచి తూలాడు, అత్త పట్టుకుంది, మంచం మీద ఒరగనన్నాడు, ఒరిగితే ఆయాసం, దిండు మీద దిండు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టింది, ఛాతీ మీద చల్లటి జెల్ రాసి తీగల చివరి రబ్బరు బుడగలు అంటించింది, కాళ్లకూ చేతులకూ పట్టెలు, చెమటకు బుడగలు జారిపోతున్నాయి, తుడిచి మళ్లీ పెట్టింది, అప్పుడే టేబుల్ మీద నీలంగా వెలిగింది, వచ్చింది, కొత్త విండోస్, అద్దంలాంటి బటన్లు, నున్నగా, ఎంత బాగుందో, ఒక్క క్షణం నవనీతకు నవ్వొచ్చింది, సార్ లేకుండా తనే ఎక్కించింది, డబ్బా వైరు గుచ్చింది, టంగ్‌మని మోగింది, కింద మూలన చిన్న చీటీలాంటిది లేచింది, ఈ పరికరానికి డ్రైవర్ దొరకలేదు.

దొరకకపోవడమేంది, తీసి మళ్లీ గుచ్చింది, పక్క కంతలో గుచ్చింది, టంగ్, దొరకలేదు, ఛాతీ నిండా తీగలతో మామ ఇక్కడ, ఆ తీగలన్నీ చేరిన డబ్బా ఇక్కడ, డబ్బా ఎవరో ఎరగనట్టు చూస్తున్న లాప్‌టాప్ ఇక్కడ, మూడూ చేతికందేంత దూరంలోనే ఉన్నాయి, సార్‌కు ఫోన్ చేస్తే, డబ్బా డ్రైవరుండే పాత సీడీయా, అది కోదాడలో మా ఇంట్లో ఉందేమోనమ్మా, అయినా అది ఎక్స్‌పీ సీడీ, దీనికి ఎక్కుతుందో లేదో, కంపెనీ వాళ్లకి చేసి కనుక్కుంటా ఉండు, అన్నాడు, ఏం జెప్తున్నదే మిషన్, అన్నాడు మామ కళ్లు మూసుకునే, ఇంకా ఏం చెప్తలేదు మామా, సీడీ కోసం ఫోన్ చేసిన, మామ కళ్లు తెరిచాడు, పెదాలు బూడిద రంగులో ఉన్నాయి, మిషన్ సంగతి తియ్యి బిడ్డా, నీకేమనిపిస్తున్నదో నువ్వు సెప్పు, అన్నాడు, ఎంత నెమ్మదిగా అన్నాడో, నవనీతకు మాట నాలుక చివరిదాకా వచ్చింది, నేనెవరు చెప్పడానికి, వంకర గీత కూడా చూడకుండా ఎట్లా చెప్పను, రిపోర్టు రాని మామా, డాక్టర్ చూసి చెప్తరు, అంది, మామ సరేనన్నట్టు తల ఊపాడు, తను స్క్రీన్ వైపు తిరిగి డ్రైవర్ వెతుకు అన్న బటన్ నొక్కింది, చిన్న వలయం తిరగసాగింది, తిరుగుతూనే ఉంది, వెనక అత్త, ఏందయ్యా గట్ల చూస్తున్నవ్, ఓ కాటయ్యా, అంది, పెళ్లయిన ఇన్నేళ్లలో అత్త నోట ఆయన పేరు రావడం నవనీత వినలేదు.

తీగలు పీకిందో తెంపిందో, సెంటర్ ముందర ఎప్పుడూ ఆటో నిలిపే దస్రు బండిలోకి ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తారు, దస్రు మైకుల వాళ్లను తిట్టుకుంటూ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు, పెద్ద దవాఖానకు ఎంతసేపని, ఇంత దగ్గరనా, పొద్దున్నుంచీ ఇంత దగ్గరే ఉందా ఇది, డ్యూటీ డాక్టర్ కనురెప్పలు ఎత్తి చూసి, స్టెతస్కోపు పెట్టి, ఎప్పటి నుంచి నొప్పి అనడిగాడు, రాత్రి నుంచి సార్, మరి ఇప్పటిదాకా ఎక్కడున్నరు, డాక్టర్ కాగితమేదీ అడగనే లేదు, దుప్పటి మామ మొహం మీదికి లాగి వేరే మంచం దిక్కు వెళ్లిపోయాడు, వరండాలో అత్త గోడకు చేరగిలబడి ఏడుపు లేకుండా మాట్లాడుతోంది, ఎవరితోనో తెలియదు, బస్సుల వస్తుంటే నేనే అన్న బిడ్డా, సక్కగ పెద్ద దవాఖానకే పోదామయ్యా అని, ఇనలే, ముందు నవనీత కాడికి పోదాం, పిల్ల ఏడికి పొమ్మంటే ఆడికి పోదాం అన్నడు, పిల్ల సెప్తే ఇగ సందేహం ఉండదన్నడు, అత్త అంటూనే ఉంది, నవనీత చేతివేళ్ల మీద ఆరిపోయిన జెల్ పొరలా బిగుసుకుంది, బెంచీ మీద కూర్చుని అయిందా బిడ్డా అని మామ అన్నిసార్లు అడిగింది మిషన్‌ను కాదు, తనను, గీతలు చదివేవాళ్లు ఊరంతా ఉన్నారు, మామకు కావలసింది తన మొహం చూసి తను చెప్పే మాట, చెమట చూసినప్పుడే అది తన దగ్గర తయారుగా ఉంది, లే మామా, పెద్ద దవాఖానకు నడువు, అని ఉంటే చాలు, ఎందుకని కూడా అడగకుండా, చెప్పులు వెతుక్కోకుండా, మామ లేచి వచ్చేవాడు.