తలుపు బార్లా తెరిచే ఉంది

"బ్రీక్ వేయించడం ఎంతసేపు పనే?" అన్నారు మా అత్తగారు లల్లా తుర్కియా, పొద్దున్నే నేను షోర్బా సూప్‌లోకి కొత్తిమీర తరుగుతుంటే.

నిజమే, ఎంతసేపూ కాదు. పల్చటి మైదా రేకు పరిచి, బంగాళదుంప ముద్ద పెట్టి, పైన పచ్చిగుడ్డు కొట్టి, మడిచి నూనెలో వేసి తీయడమే. చిక్కంతా ఎప్పుడు వేయించాలన్నదాంట్లో ఉంది. కొరికితే గుడ్డు కారాలి, రేకు కరకరలాడాలి. ముందే వేయించి పెడితే చల్లారి తోలులా సాగుతుంది. అందుకని రంజాన్ నెలంతా, సాయంత్రం అజాన్ వినపడే వేళకి ఇంట్లో ఒక మనిషి పొయ్యి దగ్గర నిలబడి ఉండాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేను. పెళ్లయింది మొదలు ఒక్క సాయంత్రం కూడా నేను కూర్చుని ఉపవాసం విడిచిన గుర్తు లేదు. అందరూ బల్ల చుట్టూ ఖర్జూరం నోట్లో వేసుకుంటుంటే, నేను చిల్లుల గరిటె పట్టుకుని ఒక చేత్తో నీళ్లు తాగేదాన్ని. ఇలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పోట్లాడేదాన్నేమో.

"ఇవాళ మా అన్నయ్యా వదినా వస్తున్నారు, గుర్తుందిగా?" అన్నాడు మా ఆయన లుత్ఫీ, మంచం మీంచే.

"ఇవాళ మాకు ఆఖరి సమావేశం. ఆలస్యం కావచ్చు."

"వెళ్లు, రౌదా. నేనెప్పుడైనా వద్దన్నానా? అజాన్ టైముకి ఇంట్లో ఉంటే చాలు."

లుత్ఫీ చెడ్డవాడని చెప్తే నా కళ్లు పోతాయి. స్కూల్లో లెక్కలు చెప్తాడు. పిల్లలకి తెలివైన తండ్రి. చుట్టాలొస్తే "మా ఆవిడ కార్మికుల హక్కుల మీద ప్రభుత్వానికి విధానం రాస్తోంది" అని గొప్పగా చెప్తాడు, ఆ చుట్టాలకి నేను కాఫీ అందిస్తుండగా. రంజాన్‌లో మధ్యాహ్నమే స్కూలు వదులుతారు. వచ్చి పడుకుని, లేచి, వంటింటి గుమ్మంలో నిలబడి మూత తీసి వాసన చూస్తాడు. అదీ సాయమే అనుకుంటాడు పాపం.

ట్రామ్‌లో నిలబడి ప్రయాణం చేస్తున్నంతసేపూ నా మనసు నిలవలేదు. ఫ్రిజ్‌లో గుడ్లు సరిపోతాయా? తోటికోడలికి మిరపకాయ సలాడ్‌లో వెల్లుల్లి పడదు, వేశానా? ఆ వాక్యం ఇవాళ మళ్లీ కొట్టేస్తే ఏం చెయ్యాలి? వెల్లుల్లీ వాక్యమూ ఒకే బుర్రలో కొట్టుకుంటుంటే నామీద నాకే విసుగేసింది. మా కమిటీ ఛైర్మన్ ఫౌజీ గారి బుర్రలో వెల్లుల్లి ఉండదు కదా అనుకున్నాను. ఆయన బుర్రంతా ఆయనదే.

ఆ వాక్యం సంగతి చెప్పాలి. ప్రభుత్వం ఏ కంపెనీ దగ్గర సరుకు కొన్నా, ఏ కంపెనీకి పన్ను తగ్గించినా, ఆ కంపెనీ తన కార్మికులు సంఘం పెట్టుకునే స్వేచ్ఛని కాపాడాలి. ఇదీ మా కమిటీ రాస్తున్న విధానం. మాటలు బాగానే ఉన్నాయి. ఆ మాటలు పట్టుకుని పోయిన చలికాలంలో మొనాస్తిర్ దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీకి వెళ్లాం. పనిచేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. యజమాని మర్యాదస్తుడు. భోజనాల హాల్లో కుర్చీలు వేయించి, నీళ్ల సీసాలు పెట్టించి, "సంఘం గురించి మాట్లాడుకోదలచినవారు షిఫ్టు అయ్యాక రావచ్చు" అని గోడకి కాగితం అంటించాడు. షిఫ్టు అయింది. కుర్చీలు కుర్చీల్లాగే ఉన్నాయి. ఒక్కరూ రాలేదు.

"చూశారుగా మేడమ్. తలుపు బార్లా తెరిచే ఉంది. నేనాపానా ఎవర్నైనా?" అన్నాడాయన.

కిటికీలోంచి చూస్తే ఆడవాళ్లు ఫ్యాక్టరీ బస్సు వైపు పరుగెత్తుతున్నారు, చున్నీలు సర్దుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. ఆ ఊళ్లకి వెళ్లేది ఆ ఒక్క బస్సే. నేనూ దిగి పరుగెత్తాను. ఎందుకో నాకే తెలీదు. బస్సు మెట్టు మీద మున్జియా అనే ఆమె దొరికింది. కాలర్లు కుట్టే ఆమె. మీకు సంఘం అక్కర్లేదా అని అడిగాను.

"అక్కర్లేకేం అక్కా! కానీ ఈ బస్సు పోతే నన్ను ఇంటికి మీరు దింపుతారా?" అంది. పక్కనున్నామె నవ్వింది. "దింపినా లాభం లేదులేవే. ఎవడి కారులో వచ్చావని మీ ఆయన అడుగుతాడు" అంది. బస్సంతా నవ్వులే. నవ్వుతూనే తలుపేసుకుని వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఫౌజీ గారు "మహిళలు ఆసక్తి చూపలేదు" అని రిపోర్టు చెప్పి రాయించారు. ఆ మాట రాస్తుంటే నా చెయ్యి సిగ్గుపడింది. ఆ తర్వాత విధానం చిత్తుప్రతిలో ఒక వాక్యం చేర్చాను. సంఘం సమావేశాలు పనివేళల్లోనే, జీతం కోత లేకుండా జరగాలి. అంతే. ఇంత చిన్న వాక్యం కోసం నేను అన్నాళ్లు నిద్ర పాడుచేసుకున్నానంటే లుత్ఫీ నవ్వాడు. పోయిన వారం కమిటీ కూర్చుంది. మాటలు సాగి సాగి సాయంత్రమైంది. నేను గడియారం చూసుకుని, క్షమించండని చెప్పి, బ్రీక్‌ల కోసం లేచి వచ్చేశాను. మర్నాడు పొద్దున చూస్తే వాక్యం లేదు. పక్కన "ఏకగ్రీవం" అని ఉంది. వాళ్లు నన్ను మోసం చేశారని కోపం రాలేదు. నేనే తలుపు తీసుకుని వెళ్లిపోయాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇవాళ సమావేశం మళ్లీ ఆఫీసు వదిలాకే పెట్టారు. పొద్దుటి పూట కమిటీ పెద్దలకి తీరిక లేదట. కమిటీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఉపవాసం నీరసంతో అందరి గొంతులూ ఎండిపోయి ఉన్నాయి. ఆఖరి పేజీ అయింది. ఫౌజీ గారు బ్యాగు దగ్గరికి లాక్కుంటూ, "ఇంకెవరికీ అభ్యంతరం లేదుగా?" అన్నారు.

"ఉంది" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "పోయినసారి తీసేసిన వాక్యం మళ్లీ పెట్టాలి."

యజమానుల తరఫున కూర్చునే నూరుద్దీన్ గారు నా వైపు ఎంతో దయగా చూశారు. "రౌదా గారూ, మీకు ఇంటి దగ్గర చాలా పనుంటుంది. మీరు బయల్దేరండి. మేం చూసుకుంటాం."

"పోయినసారి చూసుకున్నారుగా. ఈసారి నేనూ చూస్తాను."

ఎవరో దగ్గారు. నూరుద్దీన్ గారు కుర్చీలో సర్దుకుని, "అమ్మా, స్వేచ్ఛ అంటే ఏమిటి? వాళ్లిష్టం. పట్టుదల ఉన్నవాళ్లు ఓ గంట ఆగలేరా? సమావేశం ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ప్రభుత్వమే చెప్తే ఇక మేం కంపెనీలు నడిపినట్టే!" అన్నారు.

ఇంతలో నా ఫోన్ మోగింది. బయటికి వెళ్లి మాట్లాడితే ఆ కాసేపట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అందరి ముందే ఎత్తాను.

"ఎక్కడున్నావ్? అన్నయ్య వాళ్లు వచ్చేశారు!"

"నేను రాను లుత్ఫీ. ఇంకా అవలేదు. నూనె బాగా కాగాక వెయ్యి, లేకపోతే రేకు నూనె పీల్చుకుంటుంది."

"నేను వెయ్యాలా?"

"వెయ్యి. నేనెప్పుడైనా వద్దన్నానా?"

పెట్టేశాను. ఇంట్లో ఈ రాత్రి, రేపు, ఎల్లుండి ఎన్ని మాటలు పడాలో అన్నీ ఒక్కసారే చెవుల్లో మోగాయి. అత్తగారి మూతి విరుపు, తోటికోడలి జాలి, అన్నీ కనపడ్డాయి. అయినా కుర్చీలోంచి లేవలేదు. బస్సు గురించి చెప్పాను, ఖాళీ కుర్చీల గురించి చెప్పాను. తడబడ్డాను, మళ్లీ మొదటికొచ్చి చెప్పాను. వాళ్లు వినలేదని కాదు. వింటూ గోడ గడియారం వైపు చూస్తున్నారు. నూరుద్దీన్ గారికి ఇంటినుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. "వస్తున్నానే తల్లీ, పొయ్యి మీద పెట్టెయ్" అని గుసగుసగా చెప్పారు. ఒకాయన కారు తాళాలు చేతిలో ఆడిస్తున్నారు. నేనక్కడే ఉండి ఒప్పుకోకపోతే అది ఏకగ్రీవం కాదు. నేను లేచేలా లేనని మొదటిసారి వాళ్లకి అర్థమైంది.

ఫౌజీ గారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "ఇది ఇప్పుడు తెగదమ్మా. ఇంటికెళ్లే వేళ. ఇల్లంతా మనకోసం చూస్తూ ఉంటే ఎవరు మాత్రం కూర్చుని ఆలోచించగలరు? రేపు పొద్దున, ఆఫీసు టైములోనే పెట్టుకుందాం. పెద్దలంతా కాస్త తీరిక చేసుకోండి. అందరికీ సమ్మతమేనా?"

సమ్మతమే, సమ్మతమే అన్నారు. అందరి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది. కుర్చీలు వెనక్కి జరిగాయి.

"మినిట్స్‌లో రాయమంటారా?" అన్నాను.

"రాసెయ్యండి" అన్నారు ఫౌజీ గారు, కోటు వేసుకుంటూ.

పైకి చదువుతూ రాశాను. "ఇంటికి వెళ్లవలసిన వేళ అయినందున సభ్యులు సమావేశంలో కూర్చోలేకపోయారు. కావున సమావేశాన్ని పనివేళల్లోకి మార్చడమైనది. ఏకగ్రీవం."

కోటు ఒక చేతికి వేసుకుని ఫౌజీ గారు ఆగిపోయారు. తాళాల చప్పుడు ఆగింది. బయట అజాన్ మొదలైంది.

"రేపు ఇక ఎక్కువ వాదించుకోనక్కర్లేదండీ" అన్నాను, కలానికి మూత పెడుతూ. "ఇందులో 'సభ్యులు' అన్నచోట 'కార్మికులు' అని దిద్దితే చాలు."