ముందు సీటు మాటలు

మార్చి పద్దెనిమిది, మంగళవారం. ఆ పొద్దున ఇద్దరూ తిన్నది కాల్చిన రొట్టె, చెరో ఉడకబెట్టిన గుడ్డు. తేదీలు గుర్తుండటం లైబ్రేరియన్‌కి ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బు. ముప్పై ఒక్క ఏళ్లు పుస్తకాల మీద గడువు తేదీల ముద్ర కొట్టిన చెయ్యి ఆయనది. కానీ ఆ రొట్టె కూడా ఎందుకు గుర్తుండిపోయిందంటే, ఏడాదిగా భోజనాల బల్ల దగ్గర ఉప్పు, నీళ్లు, చాలు అనే మూడు మాటలు దాటని బావమరిది ఆ పూట రొట్టెముక్క చేత్తో పట్టుకుని నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగాడు.

"బావగారూ, మీకు సైకిలు తొక్కడం వచ్చా?"

ఆయన తల ఊపాడు.

"తల ఊపినట్టున్నారు. నాకు వినపడలేదు."

వచ్చునని, తొక్కి ముప్పై ఏళ్లయిందని పైకి చెప్పుకోవలసి వచ్చింది.

బావమరిది రేడియో మెకానిక్. నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, అతని చూపును అంచుల నుంచి తినుకుంటూ వచ్చి, నడిమధ్యన చొక్కా గుండీ అంత మిగిల్చి, కిందటేడాది ఆ కాస్తా మూసేసింది. ముందుగా ఎవరైనా పరీక్ష చేసి ఉంటే చూపు నిలిచేదని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఇప్పుడు ఆ కంటి ఆసుపత్రివాళ్లే, అంతదూరం రాలేనివాళ్ల గుమ్మాల ముందుకు వెళ్లి కళ్లు చూసే వ్యాను కొనడానికి విరాళాల సైకిలు యాత్ర పెట్టారు. జూలై ఆఖరి ఆదివారం, ఒక్క రోజులో నూట అరవై కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికల్లా ఆటల మైదానం చేరినవాళ్లే పూర్తి చేసినట్టు లెక్క. చూపు లేనివాళ్ల కోసం ఇద్దరు తొక్కే సైకిళ్లు ఆసుపత్రే ఇస్తుంది.

"ఆసుపత్రిలో నర్సు సిస్టర్ అడిగింది, సరేనన్నాను. వెనక సీటు నాది. ముందు సీటుకి కళ్లున్న మనిషి కావాలి. ఎవరూ దొరకలేదు, అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను," అన్నాడు బావమరిది.

ఆఖరి మాట గుచ్చుకోవడానికే అన్నాడని తెలుసు. అయినా అడిగాడు కదా అని లైబ్రేరియన్ మనసు కుదుటపడింది.

ఆ ఇద్దరి మధ్య ఉన్నది చిన్న సంగతి కాదు. రెండేళ్ల కిందట లైబ్రేరియన్ భార్య, అంటే బావమరిదికి తోడబుట్టిన అక్క, ఆసుపత్రిలో ఉంది. తమ్ముడు అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడు, గుండీ అంత చూపు ఇంకా మిగిలి ఉంది. బయల్దేరి రమ్మంటావా బావా అని ఫోన్లో అడిగితే, తగ్గుతోంది, కంగారేం లేదు, ఆదివారం రా అన్నాడీయన. ఆమె గురువారం పోయింది. తమ్ముడు వచ్చేసరికి కళ్లు మూసుకున్న ముఖమే మిగిలింది. దాని గురించి ఇద్దరూ ఒక్కసారీ మాట్లాడుకోలేదు. చూపు పూర్తిగా పోయాక, చూసుకునే దిక్కు వేరే లేక అక్క ఇంటికే వచ్చి వెనక గదిలో ఉంటున్నాడు. అప్పట్నుంచీ బావ కాస్తా బావగారు అయ్యాడు, నువ్వు కాస్తా మీరు అయింది. ఆ గౌరవంలో ఎంత చలి ఉందో ఈయనకే తెలుసు.

సైకిలు వచ్చాక సిస్టర్ ఆసుపత్రి ఆవరణలో రెండు పూటలు నేర్పింది. రెండు జతల పెడళ్లూ ఒకే గొలుసుకు కట్టి ఉంటాయి, ఒకరు ఆపితే రెండోవాళ్ల కాళ్లూ ఆగిపోతాయి. హ్యాండిలూ బ్రేకులూ ముందున్నవాళ్లవి. వెనకున్నవాళ్లకు ఉన్నవల్లా కాళ్లు, చెవులు. కాబట్టి ముందున్నవాళ్లు దారిలో వచ్చే ప్రతిదీ వచ్చేలోపే పైకి చెప్పాలి. గుంట, మలుపు, ఎత్తు, పల్లం, ఆగుతున్నాం.

లైబ్రేరియన్‌కి కాళ్లు నాలుగు రోజుల్లో దారికొచ్చాయి. నోరే రాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు నిశ్శబ్దం అన్న బోర్డు కింద కూర్చున్న మనిషి. ఇంట్లో మాటలన్నీ భార్యే చూసుకునేది, ఈయన వంతు ఊఁ కొట్టడం. మొదటి ఆదివారం ఖాళీ మార్కెట్ యార్డులో సైకిలు గోతిలో పడి, ఇద్దరూ ఎగిరి సీట్ల మీద పడ్డాక, "గుంట," అన్నాడు.

"బావా," అన్నాడు వెనకవాడు నడుము పట్టుకుని, "అయిపోయాక చెప్పేవి వార్తలు. నాకు కావాల్సింది వాతావరణ సూచన."

నొప్పిలో నోరు జారి బావా అన్నాడు. ఈయన ఆ మాట పట్టుకుని ఆ రోజంతా తొక్కాడు.

ఆ వారం నుంచి పంతం పట్టి ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. వంటింట్లోకి వెళుతూ గడప అనేవాడు, స్నానాల గదిలో తడి అనేవాడు. లైబ్రరీలో నిచ్చెన దిగుతూ మెట్టు, మెట్టు అని గొణిగితే, అరవకండి సార్ అని చదువుకునే పిల్ల ఒకతి వేలితో బోర్డు చూపించింది. సీటు రాపిడికి కూర్చోలేక పక్షం రోజులు నిలబడే ముద్రలు కొట్టాడు.

ఇరవై కిలోమీటర్లు నలభై అయ్యాయి, మే నెల దాటేసరికి ఎనభై. సాధన ఆటల మైదానం నుంచే మొదలయ్యేది; అక్కడి కాపలాదారు వీళ్ల కోసం తెల్లవారకముందే గేటు తీసి, ఏమీ అనకుండా పంపు దగ్గర నీళ్ల సీసాలు నింపి పెట్టేవాడు. గుంటలూ మలుపులూ లేని సాఫీ రోడ్డు మీద నోరు ఊరుకోక లైబ్రేరియన్ ఇతర సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. మంగలి షాపు మెట్టు మీద కుక్క పడుకుంది. మూడో అంతస్తులో ఎవరో దుప్పటి ఆరేస్తున్నారు.

"ఏ రంగు?" అని వెనక నుంచి వచ్చింది.

"ఎరుపు. బాగా వెలిసింది."

"ఊఁ."

పోయినావిడ కొట్టించుకున్న ఊఁలన్నీ ఈయనకు ఇప్పుడు అర్థమయ్యాయి. ఒక్క ఊఁ దొరికితే ఎంత దూరమైనా చెప్పుకుంటూ పోవచ్చు.

చెడింది జూన్ ఆఖర్లో. ఆ రోజు మొదటిసారి నూరు కిలోమీటర్లు. రాళ్ల క్వారీ దాటాక కొండెక్కే రోడ్డు. వెనకవాడి ఊపిరి బుసలు కొడుతోంది. ఈయనకు జాలేసింది. జాలేస్తే నోటికి ఏమొస్తుందో అదే వచ్చింది.

"అయిపోయింది, ఇంకొక్క మలుపే."

మలుపు తిరిగారు. ఎత్తు అలాగే ఉంది. ఇంకో మలుపు తిరిగినా అంతే. మూడో మలుపు దగ్గర పెడళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. వెనకవాడు కాళ్లు ఆపేశాడు. సైకిలు ఒరిగితే ఇద్దరూ కాళ్లు నేల మీద ఆనించి నిలబడ్డారు.

"ఎన్నున్నాయి నిజంగా?"

"నాలుగు."

"మా అక్కకీ ఇలాగే చెప్పారా? నాకు చెప్పినట్టే?"

లైబ్రేరియన్ రెండు బ్రేకులూ పట్టుకుని రోడ్డు వంకే చూశాడు.

"కొండ ఎత్తుగా ఉంటే ఎత్తుగా ఉందనండి. తొక్కేవాణ్ణి, తొక్కుతాను. లేని పల్లం చూపించి మోసం చెయ్యకండి. నేను మీ నోటిని నమ్మి కూర్చున్నాను ఇక్కడ, ఇంకేమీ లేదు నాకు."

మిగతా కొండంతా బావమరిది సీటు మీద చెయ్యి వేసి నడిచాడు. దిగువన బస్సెక్కి ఒంటరిగా వెళ్లిపోతానన్నాడు, వెళ్లాడు. సైకిలు ఎనిమిది రోజులు వరండా గోడకు ఆనుకుని ఉంది. బల్ల దగ్గర మళ్లీ ఉప్పు, నీళ్లు, చాలు. తొమ్మిదో రోజు సిస్టర్ ఫోను చేసి, శుక్రవారంలోగా పేర్లు ఖాయం చెయ్యాలని, మీరు వస్తున్నట్టేనా అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాడు లైబ్రేరియన్.

వెనక గది తలుపు తీసే ఉంది. బావమరిది మంచం మీద కూర్చుని విప్పేసిన రేడియో మరలను వేళ్లతో తడిమి పరిమాణాల వారీగా గిన్నెల్లో వేస్తున్నాడు. ఈయన గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, గుంట వచ్చేముందు చెప్పినట్టే చెప్పాడు.

"కష్టమైన మాట చెప్పబోతున్నాను."

మర గిన్నెలో పడలేదు.

"డాక్టరు నాతో చెప్పింది సోమవారం. వారం పట్టదన్నాడు. నువ్వు ఫోను చేసింది మంగళవారం. తెలిసే నీకు అబద్ధం చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి బయటికొస్తే నిజమైపోతుందని భయమేసింది. అంతకంటే వేరే కారణం లేదు."

మరను వేళ్ల మధ్య తిప్పుతూ బావమరిది అడిగాడు. "అక్క నన్నడిగిందా?"

"అడిగింది. ఆదివారం వస్తున్నావన్నాను. ‘ఆదివారమా’ అంది. ఇంకేమీ అనలేదు. ఆమెకు తెలిసిపోయిందనుకుంటాను."

అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఈయన ఓదార్చడానికి నోరు తెరిచి, ఓదార్పు మాటల్లో నిజమైనది ఒక్కటీ దొరక్క మూసుకున్నాడు. అలా నిలబడే ఉన్నాడు. కిటికీలోంచి వచ్చే ఎండ మంచం కోడు దాటి గోడెక్కింది.

"ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"టైర్లలో గాలి చూశావా?"

"లేదు. దిగిపోయి ఉంటుంది."

"అయితే పంపు పట్రా," అన్నాడు బావమరిది. మర గిన్నెలో వేశాడు.

యాత్ర రోజు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరారు. తొంభై కిలోమీటర్ల దాకా అంతా సాఫీగా నడిచింది. నూటపదో కిలోమీటరు దగ్గర వాన అందుకుంది, ఆ వెంటనే గొలుసు తెగింది. రోడ్డు పక్క కప్పు కింద కూర్చుని బావమరిది చీకట్లో రేడియో బాగుచేసినట్టు వేళ్లతోనే లంకె కలిపాడు. ఈయన పక్కన నిలబడి కావలసినవి అందించాడు. నలభై నిమిషాలు పోయాయి. తిరిగి ఎక్కేసరికి ముందూ వెనకా ఎవరూ లేరు. అలసినవాళ్లను ఎక్కించుకోవడానికి అందరికంటే చివర వచ్చే ఆసుపత్రి వ్యాను మాత్రం నెమ్మదిగా వెంట వస్తోంది.

నూట నలభై దగ్గర ఆఖరి కొండ మొదలైంది. వ్యాను పక్కకు వచ్చింది. సిస్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంత దూరం వచ్చారు, అదే గొప్ప, ఎక్కెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు అంది. ఆవిడ గొంతులో నిజంగా దయ ఉంది. లైబ్రేరియన్‌కి కుడి మోకాలు మండిపోతోంది, ఆ దయ ఒళ్లంతటికీ తగిలింది.

"బావా, ఎంతుంది?" అన్నాడు వెనకవాడు.

దగ్గరే అంటే వస్తాడు, అసాధ్యం అంటే దిగుతాడు. రెండు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. ఈయన కొండను చూశాడు, గడియారం చూశాడు.

"నాలుగు కిలోమీటర్లు ఎత్తు. కొస కనపడటం లేదు. పైనుంచి మైదానానికి ఇంకో పదహారు. టైము అయిదు కావడానికి పది నిమిషాలుంది. ఆరింటికి అందుతామని చెప్పలేను."

"నీ కాళ్లెలా ఉన్నాయి?"

"కుడి మోకాలు పనైపోయింది."

"నాకు ఎడమది. మిగిలినవి రెండూ కలిస్తే ఒక మనిషి. పద."

తొక్కారు. ఆ కొండ మీద ఆయన ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. మలుపు. ఇంకా ఎత్తే. మలుపు. ఇంకా ఎత్తే. ముందుది ఇంతకంటే నిలువు. వెనక నుంచి ప్రతిదానికీ పళ్ల బిగువున ఒక ఊఁ వస్తూనే ఉంది. ఎత్తు ఉందని చెప్పిన ప్రతిసారీ పెడలు మీద బరువు తగ్గకపోగా కాస్త పెరగడం ఆయన కాళ్లకు తెలిసింది. నిజం చెబితే మనిషి కూలిపోతాడని తను ఇన్నాళ్లూ ఎక్కడ నేర్చుకున్నాడో ఆయనకు గుర్తు రాలేదు.

"పైకొచ్చాం," అన్నాడు చివరికి.

"తెలుసు. నా కాళ్లు నీకంటే ముందే చెప్పాయి."

దిగుడు రోడ్డు తడిగా ఉంది. బ్రేకులు పట్టుకోక తప్పలేదు. మైదానం దగ్గర జనం వెళ్లిపోయారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నారు. చుట్టుదారిన ముందే వచ్చిన సిస్టర్ కాపలాదారుతో గొడవపడి గేటు తెరిపించి ఉంచింది. గీత దాటి, ఆగుతున్నాం అని చెప్పి, ఆగాడు లైబ్రేరియన్. ఇద్దరికీ కాళ్లు దింపడం వెంటనే చేతకాలేదు.

సిస్టర్ అట్ట మీద కాగితం పెట్టుకుని, ఆరు అని రాసేస్తాను, నాలుగు నిమిషాలకు ఏముంది, జాబితాలో పేర్లు ఎక్కుతాయి అంది.

"ఆరు దాటి నాలుగు అని రాయండి సిస్టర్," అన్నాడు బావమరిది ఆయాసంలోనే. "మా సైకిలుకి అబద్ధాలు పడవు. ముందు సీటాయనకు ఆ అలవాటు తప్పింది, మళ్లీ అలవాటు చెయ్యకండి."

ఆవిడ ఒకసారి ఇద్దరినీ చూసి, ఆరు దాటి నాలుగు అని రాసింది. కాపలాదారు నీళ్ల సీసాలు నింపి తెచ్చాడు.

ఇంటికొచ్చి రొట్టె కాల్చుకున్నారు, గుడ్లు ఉడికే దాకా ఓపిక పట్టలేక వట్టి రొట్టే తిన్నారు. బావమరిది మోకాలికి మందు రాసుకుంటూ, ఆ కొండ కింద వ్యాను ఎక్కుదామని నీకు అనిపించిందా అని అడిగాడు. చాలా అనిపించిందన్నాడు లైబ్రేరియన్. నాకూ అన్నాడతను, గోడ తడుముకుంటూ వెనక గదిలోకి వెళ్లాడు.

కంచాలు కడిగి వచ్చేసరికి అతను దుప్పటి సగమే కప్పుకుని పడుకుని ఉన్నాడు. రేడియో సన్నగా మోగుతోంది. ఈయన కుంటుతూ వెళ్లి దుప్పటి సరిచేశాడు. రేడియో ఆపుదామని చెయ్యి చాపి, ఏదైనా చేసేముందు చెప్పాలి కదా అని ఆగాడు.

"రేడియో ఆపుతున్నాను."

"ఊఁ," అన్నాడు బావమరిది నిద్రలో.

ఆపి, గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

"తలుపు వేస్తున్నాను," అని మెల్లగా చెప్పి, చప్పుడు కాకుండా దగ్గరికి లాగాడు.