కొయ్య తుపాకీ

"నా మాప్‌ని ఏం చేశారండీ?"

వసుమతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలోని మాప్‌కి కర్ర నడుము దాకా వచ్చి ఆగిపోయింది. ధర్మారావు బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు.

"కొంచెం కోశాను. షాపులో అవసరమొచ్చింది."

"ఇదా కొంచెం? ఇక పీటేసుకుని కూర్చుని తుడవాలి. తగిలించుకునే నీలం తాడు కూడా పట్టుకుపోయారు. దీన్ని ఎక్కడ తగిలించమంటారు, మీ మెళ్లోనా?"

"సాయంత్రం కొత్తది తెస్తానులే."

"ఎంత కోశారు?"

"ఇరవై రెండు అంగుళాలు."

వసుమతి అపార్ట్‌మెంట్లలోని ఆడవాళ్లకి జాకెట్లు కుడుతుంది. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. ఆమె మాప్‌ని బల్ల మీద పడుకోబెట్టి, తడిగుడ్డ మొదలు నుంచి కోసిన చోటి దాకా టేపు లాగింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"కర్ర యాభై నాలుగు. కొన్నప్పుడు కాగితం మీద ఉంది. ఇరవై రెండు పోతే ముప్పై రెండు మిగలాలి. ముప్పై ఒకటీ ముప్పావు కూడా లేదిది."

"రంపం తింటుందే కొంత."

"పావంగుళం పైన తింటుందా? అయితే మన ఇంట్లో మీ రంపానికి తిండి చాలడం లేదన్నమాట."

ధర్మారావు నవ్వి, టిఫిన్ డబ్బా ఒక చేత్తో, కోసిన కర్ర ఇంకో చేత్తో పట్టుకుని బయటపడ్డాడు. కర్ర చివర నీలం తాడు ఊగుతోంది.

ఇర్వింగ్‌లో ఉదయం ఎనిమిదింటికి హైవే నిండుగా ఉంటుంది. ధర్మారావు పాత కరోలాలో కుడి లేన్ వదలకుండా వెళతాడు. అరవై ఏడేళ్ల మనిషి. పొట్టి, గట్టి శరీరం. ఎడమచేతి చూపుడువేలికి గోరు సగమే ఉంది. మిగతా సగం విజయవాడ ఆటోనగర్‌లో పోయింది. అక్కడ నలభై ఏళ్లు ఆయన పోతపని ఫ్యాక్టరీకి కొయ్య నమూనాలు చెక్కాడు. పంపు గుల్ల కావాలంటే ముందు దాన్ని టేకుతో ఆయన చెక్కాలి. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. కూతురు ప్రణీత గ్రీన్‌కార్డు పిటిషన్ వేసి రప్పించాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక హైవే పక్కనున్న తుపాకుల దుకాణంలో చేరాడు. మొదట సరుకు దించేవాడు. ఒకరోజు విరిగిన బల్ల కోడు చెక్కిపెట్టాడు. అది చూసి యజమాని డ్వేన్ ఆయన్ని లోపలికి తెచ్చి ప్రత్యేక ఆర్డర్ల కౌంటర్ దగ్గర కూర్చోబెట్టాడు. అది జరిగి ఏడేళ్లయింది. ఇప్పటి దాకా ఆయన ఒక్క తుపాకీ పేల్చలేదు. పేల్చాలనీ అనిపించలేదు.

ఆయన పని కొలత. విదేశాల నుంచి తెప్పించే రైఫిల్ ఒకసారి ఆర్డరిస్తే వెనక్కి తీసుకోరు. ఫారంలో అన్నీ ముందే తేల్చి రాయాలి: గుండు ఏ సైజు, బ్యారెల్ లోపల క్రోము పూత కావాలా, చివర మరలు ఉండాలా, అన్నిటికంటే ముఖ్యంగా బ్యారెల్ పొడవు ఎంత. ఇరవై అంగుళాలా, ఇరవై రెండా, ఇరవై నాలుగా. జనం కేటలాగు చూసి పెద్దది అడుగుతారు. చేతికొచ్చాక బరువంటారు. అందుకని ధర్మారావు కేటలాగులోని కొలతలు పెట్టుకుని ఒక కొయ్య తుపాకీ చెక్కాడు. దాని ముందు భాగంలో మూడు కర్రల్లో ఏదైనా బిగించవచ్చు, ఒక్కో పొడవుకి ఒక్కటి. బరువు సరిపోవడానికి చేపల గాలాలకి కట్టే సీసం గుళ్లు లోపల పోశాడు. మనుషులు దాన్ని భుజానికి ఆనించి, అటూ ఇటూ తిరిగి, కాసేపు అలాగే నిలబడి చూసుకున్నాకే ఆయన కలం తీస్తాడు. ఏడేళ్లలో ఇది సరిపోలేదని తిరిగి వచ్చినవాడు లేడు. ఆ మాట డ్వేన్ అప్పుడప్పుడు కొత్తవాళ్లకి చెబుతాడు. విననట్టు ఉంటాడు గాని, ధర్మారావుకి ఇష్టమే.

ఇరవై రెండంగుళాల కర్ర పోయిన వారం చీలింది. చీల్చింది ఎడ్నా.

ఎడ్నాకి డెబ్బై ఒకటి. ఊరికి దూరంగా పచ్చికబయలూ ఆవులూ ఉన్నాయి. అడవిపందులు వచ్చి నేలంతా కుళ్లగిస్తున్నాయి. భర్త హ్యాంక్ ఉన్నన్నాళ్లూ ఆ సంగతి అతనే చూసుకునేవాడు. కిందటి వేసవిలో అతను చనిపోయాడు. ఆమెకి కావలసింది ఇటలీ నుంచి వచ్చే సెమీ ఆటోమేటిక్. ఒక గుండు వెళ్లగానే రెండోది తనంతట తనే సర్దుకునేది. భుజం దెబ్బ తక్కువట. ఇరవై రెండు బిగించి ఇస్తే కొయ్య తుపాకీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. ఇదే, అంది. కాని భర్త ట్రాక్టరుకి ఇనుప రేకుతో ఒక పెట్టె చేసి బిగించి పోయాడు. తుపాకీ అందులో పట్టాలి. ధర్మారావు కొయ్య తుపాకీని ఇంటికిచ్చి పంపాడు. మూడోరోజు ఆమె దాన్ని తిరిగి తెచ్చింది, కర్ర చీలిపోయి ఉంది.

"పట్టలేదు ధర్మా. కాస్తలో పోయింది. బలవంతం చేశాను, క్షమించు."

"పెట్టె మారిస్తే?"

"అది హ్యాంక్ చేసిన పెట్టె," అంది ఎడ్నా. ఆ తర్వాత ఇరవైకే రాయించి వెళ్లింది. వెళ్లేటప్పుడు ఇరవై అంగుళాల కర్రని ఒకసారి పట్టుకుని మళ్లీ పెట్టేసింది, రుచించని కూర ముట్టి వదిలేసినట్టు.

ఆ ఏటి ఆర్డర్ల జాబితా ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఫ్యాక్స్‌లో వెళ్లాలి. తర్వాత మారదు.

ధర్మారావు కౌంటర్ దగ్గర కూర్చుని మాప్ కర్ర చివర గీకి కొయ్య తుపాకీలో బిగించాడు. బాగా కూర్చుంది. నిజానికి అక్కడితో ఆగవచ్చు. వసుమతి మాట చెవిలో ఉండిపోయింది. ముప్పావు కూడా లేదిది. వసుమతి జాకెట్టు కొలత తప్పడం ఆయన ఎన్నడూ చూడలేదు.

గోడకి తగిలించిన దుకాణం వాళ్ల స్టీలు టేపు తీసి కొయ్య తుపాకీ మొదలు నుంచి చివరికి లాగాడు. కేటలాగు ప్రకారం మొత్తం నలభై రెండున్నర ఉండాలి. దాదాపు నలభై మూడు ఉంది.

మళ్లీ లాగాడు. ఈసారి, కర్ర కోయడానికి ఇంటికి పట్టుకెళ్లి పొద్దున మళ్లీ సొరుగులో పెట్టిన తన స్కేలు తీసి పక్కన పెట్టాడు. పసుపుపచ్చ బాక్స్‌వుడ్ స్కేలు, అంచులు అరిగి నున్నబడింది, ఆటోనగర్ నుంచి చొక్కాల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నది. స్కేలు మీది అడుగు, టేపు మీది అడుగుకంటే గింజెడు పొడుగు.

ఆ స్కేలు అలాగే ఉంటుంది. పోతపనివాళ్ల స్కేలు అది. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది గనక నమూనా ఆ మేరకి పెద్దదిగా చెక్కాలి. ప్రతిసారీ లెక్కేసుకోనక్కర్లేకుండా స్కేలు మీద అంగుళాలనే సాగదీసి గీస్తారు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. నలభై ఏళ్లు ఆయన చేతికి అంగుళమంటే ఆ అంగుళమే. ఇక్కడ ఇనుమూ లేదు, చల్లారేదీ లేదు. ఏడేళ్లుగా మనుషులకి చల్లారని నమూనా భుజానికిచ్చి పంపుతున్నాడు.

మిగతావాళ్లకి అరంగుళం తేడా పట్టలేదు. ఎడ్నాకి ఆ తేడాయే అడ్డొచ్చింది.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. డబ్బా విప్పి చింతకాయ పచ్చడన్నం సగం తిని మళ్లీ చేశాడు. లేదు. ఒంటిగంటకీ లేదు, రెండుకీ లేదు. డ్వేన్ వచ్చి ఏమైందన్నాడు. ధర్మారావు స్కేలూ టేపూ పక్కపక్కన పెట్టి చూపించాడు. డ్వేన్ పెద్ద బొజ్జ కదిలేలా నవ్వాడు.

"అరంగుళమే కదా మిత్రమా. ఇరవై కూడా మంచి తుపాకీయే. పంపించేయ్."

"ఆవిడ కోరింది ఇరవై కాదు," అన్నాడు ధర్మారావు.

రెండూ నలభైకి ఎడ్నా ఎత్తింది. వెనక ట్రాక్టరు చప్పుడు.

"ఎడ్నా, నా కొలబద్ద తప్పు. కొయ్య తుపాకీ అరంగుళం పొడుగు. పెట్టె లోపల కొలిచి చెప్పు. నేను ఫోన్ పెట్టను."

ట్రాక్టరు ఆగింది. రేకు మూత కిర్రుమంది. టేపు సర్రున సాగిన చప్పుడు అంత దూరం నుంచి ఆయనకి స్పష్టంగా వినిపించింది. ఈ లోపల డ్వేన్ కూడా వచ్చి కౌంటర్‌కి ఆనుకున్నాడు.

"నలభై రెండూ ముప్పావు," అంది ఎడ్నా.

"ఇరవై రెండు బ్యారెల్‌తో నీ తుపాకీ నలభై రెండున్నర. పడుతుంది. పైన ఇంకో పావు మిగులుతుంది."

"హ్యాంక్ ఎప్పుడూ ఓ పావంగుళం వదిలేవాడు," అంది ఎడ్నా. "రాసెయ్ ధర్మా."

ఫారంలో ఇరవై కొట్టేసి ఇరవై రెండు రాశాడు. పక్కన పొట్టి సంతకం చేశాడు. రెండూ యాభై రెండుకి కాగితం మెషీన్లోకి పోయింది. అది బయటికొచ్చేదాకా ధర్మారావు పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఒక తెల్ల స్టిక్కరు మీద అరంగుళం ఎక్కువ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి కొయ్య తుపాకీ పిడికి అంటించాడు. డ్వేన్‌తో రెండు మాటలు మాట్లాడాడు. ఈసారి డ్వేన్ నవ్వలేదు. భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు.

గురువారాలు ప్రణీత ఆఫీస్ నుంచి తిన్నగా అమ్మ వాళ్లింటికి వస్తుంది. పక్క బ్లాకే గనక కారు తనింటి ముందు పెట్టి నడిచి వస్తుంది. వసుమతి కంది పచ్చడి, దొండకాయ వేపుడు చేసింది. మూల కొత్త మాప్ ప్లాస్టిక్ తొడుగుతో నిలబడి ఉంది.

రెండో ముద్ద కలుపుతూ ధర్మారావు చెప్పాడు.

"ఈ నెలాఖరుకి షాపు మానేస్తున్నాను. డ్వేన్‌తో చెప్పేశాను."

ప్రణీత చెంచా ఆపింది. "ఏమైంది నాన్నా? ఎవరైనా ఏమైనా అన్నారా? హెల్త్ ఓకేనా?"

"ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున మీ అమ్మ అన్నది నిజమే. నా స్కేలు ఇక్కడికి పనికిరాదు. ఏడేళ్లూ చూసుకోలేదు నేను. ఇవాళ సరిచేశాను. సరిగ్గా ఉన్నప్పుడే లేవాలనిపించింది."

"పావంగుళానికి ఉద్యోగం మానేస్తారా ఎవరైనా?" అంది వసుమతి.

"అరంగుళం."

వసుమతి ఆయన మొహంలోకి చూసింది. బాధేమీ కనిపించలేదు. కడుపు నిండిన మనిషి మొహంలాగే ఉంది. ఆమె నెయ్యిగిన్నె ఆయన వైపు జరిపింది.

"రేపట్నుంచి ఇంట్లో ఉంటే నా టేపుతో కొలవండి ఏదైనా. జాకెట్లకి కాజాలు గుర్తులు పెట్టడం నేర్పిస్తాను."

"నెలాఖరు దాకా ఆగు," అన్నాడు ధర్మారావు.

"అమ్మ దగ్గర జాబ్ అంటే హార్డ్ నాన్నా. లీవులు ఉండవు," అని ప్రణీత నవ్వింది.

"కొత్త మాప్ సరే," అంది వసుమతి. "మరి నా నీలం తాడు?"

ధర్మారావు ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. అప్పుడు గుర్తొచ్చింది. మూసిన దుకాణంలో కౌంటర్ వెనక రెండు మేకుల మీద కొయ్య తుపాకీ ఉంటుంది. దాని మూతి దగ్గర, మాప్ తగిలించుకోవడానికి కట్టిన నీలం తాడు ఇంకా వేలాడుతూనే ఉంటుంది.