చప్పుడు లేని చదువు

దేవమణి ఎడమ చెయ్యి జారి బల్ల మీద పడింది. పక్కనే కూర్చున్న నాకు ఆ చప్పుడు వినిపించింది.

"కిందికి పోకక్కా," అన్నాడు తారక్, నవ్వు ఆపుకుంటూ. "కింద ఏం లేదు. దీంట్ల ఒక్కటే లైను. బొటనవేలి కాడ మీట ఉన్నది సూడు, అది నొక్కితే తర్వాతి లైను అక్కడికే వస్తది."

కాగితం మీద బ్రెయిలీ చదివేటప్పుడు మా కుడి చెయ్యి ఒక వరుస చివరికి చేరుతుండగానే ఎడమ చెయ్యి కిందికి దిగి, తర్వాతి వరుస మొదలు పట్టుకుని ఉంటుంది. నేనూ మణీ ఒకే మిషన్ హాస్టల్లో ఉండి, ఒకే బడిలో, ఒకే టీచరు దగ్గర అలా నేర్చుకున్నాం. ఆ చెయ్యి ఎప్పుడూ రాబోయే మాట దగ్గర కాచుకుని ఉంటుంది. ఈ యంత్రం ముందు కూడా అది అలవాటుకొద్దీ దిగి, అంచు దాటి, ఏమీ లేని చోట పడింది.

"అయితే ఈ చేతికి ఇంక పని లేనట్టే," అంది మణి. "జీవన్ చెయ్యి పట్టుకొని కూసుంట."

"నా చేతికి పనుంది," అన్నాను.

"ఏం పని? గోర్లు కొరుకుడా?"

పంజాగుట్టలో ఒక ట్రస్టు వాళ్ళ మేడమీది గది అది. చూపు లేనివాళ్ళకు వచ్చే కొత్త పరికరాలు వాడడం తారక్ అక్కడ నేర్పుతాడు. అతనికి చూపు ఉంది, ఓపిక ఇంకా ఎక్కువ ఉంది. ఆ యంత్రాన్ని నోట్‌టేకర్ అన్నాడు. వెడల్పు టిఫిన్ డబ్బా మూతంత. చుక్కలకు ఆరు మీటలు, ఖాళీకి మధ్యలో పొడుగాటిది ఒకటి. రాసింది లోపలే ఉంటుంది, కాగితం అక్కరలేదు. ముందువైపు సన్నటి పట్టీలోంచి సూదిమొనల వంటివి లేచి అక్షరాలవుతాయి. చదివాక అణిగిపోయి, వేరే అక్షరాలుగా మళ్ళీ లేస్తాయి. పుస్తకాలు కూడా అందులో పెట్టుకోవచ్చు.

నేనూ వేలు పెట్టి చూశాను. చలికి ఒంటి మీద రోమాలు లేచినట్టు లేచాయి. ఏదో ప్రాణి నా వేలిని గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు అనిపించి చెయ్యి తీసేశాను. మణి తీయలేదు.

"శనివారం దాకా ఇంట్ల వాడి చూడుండ్రి," అన్నాడు తారక్. "నచ్చితే మీదే, ట్రస్టు ఇస్తది. వద్దంటే మీ వెనుక లైన్ల ఇంకొకాయన ఉన్నడు, ఆయనకిస్త. ఏదైనా శనివారం లోపల ఫోన్ కొట్టుండ్రి."

మధురానగర్‌లో మా ఇల్లు వచ్చేదాకా ఆటోలో మణి దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది. సంచీలో పెట్టమని చెప్పాను. సంచీలో నిమ్మకాయలు ఉన్నాయంది.

*

మాది మొదటి అంతస్తు, పక్కన ఆడపిల్లల హాస్టల్. నేను లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. మణి మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు తెలుగు చెబుతుంది. ఇన్నేళ్ళూ సాయంత్రాలు ఆమె పాఠాలు రాసుకున్నది స్లేటు మీదే. లోహపు చట్రంలో దళసరి కాగితం బిగించి, పిడి ఉన్న మొనతో ఒక్కొక్క చుక్కా పొడవాలి. ఆ టకటకలు మా ఇంట్లో గడియారం కంటే నమ్మకమైనవి. పాఠం రాస్తుంటే చుక్కలు సమంగా పడేవి. ఏదో గుర్తుకొస్తే మధ్యలో ఆగేవి. నా మీద కోపంగా ఉంటే కాగితానికి అవతల బల్లకు కూడా దెబ్బ తగిలేది. ఆమె ఎక్కడ ఉందో, ఎలా ఉందో, నేను మంచం మీద పడుకునే తెలుసుకునేవాణ్ణి. తెలుసుకుంటున్నానని మాత్రం నాకు తెలియదు.

ఆ సాయంత్రం టకటకలు లేవు. కొత్త యంత్రం మీటలు దూదిలో వేలు దిగినంత మెత్తగా కదులుతాయి. రాయడం ఆపి చదవడం మొదలుపెడితే ఆ మాత్రం కూడా ఉండదు. ఆమె నా నుంచి నాలుగు మూరల దూరంలో కుర్చీలో ఉంది. అంటే, ఉండాలి.

"మణీ."

"ఊఁ."

కాసేపటికి మళ్ళీ, "మణీ, ఉన్నవా?"

"ఉన్న. యాడికి పోత?"

మూడోసారి పిలిచేసరికి, "ప్రజెంట్ సార్," అంది. "గంటగంటకు అటెండెన్స్ తీస్తవా ఏంది? క్లాసుల నేను సుత ఇంత తియ్య."

నవ్వాను. నవ్వు అయిపోయాక మళ్ళీ అదే ఖాళీ.

దీపం ఆర్పితే చిన్నపిల్లలు భయపడతారని చూపున్నవాళ్ళు చెబుతుంటే వింటాను. పుట్టినప్పటినుంచీ నాకు చీకటి అనేది ఏమిటో తెలియదు కాబట్టి ఆ భయమూ తెలియదు. కానీ హాస్టల్లో ఒక మధ్యాహ్నం నిద్ర లేచేసరికి పెద్ద గదిలో ఏ మంచమూ కిర్రుమనలేదు. అందరూ నన్ను వదిలేసి ప్రార్థనకు వెళ్ళారు. అప్పుడు నాకు కలిగిన ఆలోచన, వాళ్ళు వెళ్ళిపోయారని కాదు. వాళ్ళు ఎప్పుడూ లేరని. పెద్దవాణ్ణయ్యాక ఆ ఆలోచన పోయిందనుకున్నాను. పోలేదు. మణి స్లేటు చప్పుడు దాన్ని ఇన్నాళ్ళూ కప్పి ఉంచింది.

ఆమె వంటింట్లో ఉన్నప్పుడు వెళ్ళి ఆ యంత్రాన్ని తడిమాను. పూర్వం బల్ల మీద ఆమె కాగితాలు ఉండేవి, నేను దారిన పోతూ వేళ్ళు ఆనించి రెండు వాక్యాలు చదివి పోయేవాణ్ణి. అందులో దొంగతనం ఏమీ లేదు, అవి ఇంట్లో గాలి వంటివి. ఇప్పుడు పట్టీ చదునుగా ఉంది. నిద్రపోతున్న మనిషి నుదురులా.

మర్నాడు సాయంత్రం ఇంటి ఓనరు చిలకమ్మ వచ్చింది. వస్తూనే స్విచ్చు వేసింది. ఆమె ఎప్పుడూ అంతే.

"చీకట్ల కూసున్నరేంది బిడ్డా. ఇంట్ల మనుషులు ఉన్నరో లేరో సుత తెలుస్తలేదు."

"నాకు సుత తెలుస్తలేదు అత్తమ్మా," అన్నాను.

"గదేంది దేవమణీ నీ ఒళ్ళ? లెక్కల మిషిన్‌లెక్క ఉన్నది."

"చదువుకునే మిషిన్ అత్తమ్మా."

"ఏం కూతలేదేంది మరి? మా మనుమనిది అయితే ఒక్కతీర్గ ఒర్రుతది." ఆమె కాస్త వంగి చూసినట్టుంది. "అయ్యో, నవ్వుతున్నవేంది నీలో నువ్వే?"

మణి నవ్విందని చిలకమ్మ చెబితే నాకు తెలిసింది.

*

ఆ తర్వాత నా మనసు కారణాలు వెతకడం మొదలుపెట్టింది. మనసు చేసే పనుల్లో నేను ఎక్కువగా గమనించింది ఇదే: అది ముందు కోరుకుంటుంది, తర్వాత న్యాయం వెతుక్కుంటుంది. నేను కోరుకున్నది ఆ యంత్రం ఇంట్లోంచి పోవాలని. "నువ్వు వినబడాలి" అని భార్యను అడగడానికి ఒక మగవాడికి ఎంత సిగ్గో, ఆ సిగ్గు కొద్దీ నాకు మంచి మంచి న్యాయాలు దొరికాయి.

శుక్రవారం సాయంత్రం మణికి చర్చిలో పాటల ప్రాక్టీసు ఉంటుంది. నేను ఆఫీసు నుంచి వచ్చి, తాళంచెవి తిప్పి లోపలికి అడుగుపెట్టాను. ఇల్లంతా నిశ్శబ్దం. గుమ్మం దగ్గర చెప్పులు తడిమి ఉంటే తెలిసేది, తడమలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు పైకి మాట్లాడుకోవడం నాకు అలవాటు. రోజంతా ఇతరుల కోసం "నమస్తే, ఏ సెక్షన్ కావాలి" అనే గొంతు, ఇంటికి వచ్చాక తన కోసం కాస్త పలుకుతుంది.

మంచినీళ్ళు తాగి, ఆమె కుర్చీకి ఎదురుగా నిలబడ్డాను.

"మణీ, జర విను." గొంతు మరీ పెద్దమనిషిలా వచ్చింది. సవరించుకున్నాను. "మణీ, గా మిషిన్ మంచిదే. నేను కాదంటలేను. కని రేపు ఖరాబైతే ఎవడు బాగుచేస్తడు? బ్యాటరీ పోతే యాడ దొరుకుతది?"

ఇది నిలవదు. తారక్ చూసుకుంటానంటాడు.

"మణీ, పేజీ అన్నంక పేజీలెక్క ఉండాలె. పైన ఏమున్నది, కింద ఏమున్నది చేతికి తెల్వాలె. ఒక్క లైను పట్టుకొని ఎన్ని దినాలు చదువుతవు? కిటికీల నుంచి రైలు చూసినట్టు."

రైలును నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఇక్కడే పట్టుకుంటుంది. ఈసారి గొంతు తగ్గించి, కొంచెం దీనంగా మొదలుపెట్టాను.

"లైన్ల ఇంకొకాయన ఉన్నడంట మణీ. పాపం, ఆయనకు మనకంటె అవసరమేమో. మనం విశ్వాసులం. జర త్యాగం చేస్తే దేవుడు సుత మెచ్చుకుంటడు."

"మూడోది జర నయం," అంది మణి.

కుర్చీలోంచే.

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"కని దేవుణ్ణి నడుమల ఎందుకు గుంజినవు? మిషిన్ వాపసియ్యమని నీకు ఫోన్ చేసిండా? నువ్వు ఆపరేటర్‌వే గదా, కలిపినవేమో."

"నువ్వు... చర్చికి పోలేదా?"

"ఆర్గన్ వాయించే ఆషెర్‌కు జ్వరం. ప్రాక్టీసు లేదు."

"నేను వచ్చినప్పుడు ఉన్ననని చెప్పొద్దా?"

"చదువుకుంటున్న. నువ్వు ఫోన్ల మాట్లాడుతున్నవనుకున్న. మణీ మణీ అంటున్నవు. ఇంకో మణి ఎవతో అని చెవులు పెట్టి విన్న."

నేను మంచం అంచున కూర్చున్నాను. నవ్వు వస్తే బాగుండేది. ఆమెకు కూడా రాలేదు. ఆమే మాట్లాడింది, వేళాకోళం లేని గొంతుతో.

"రేపు శనివారం. నీకు నచ్చకపోతే ఇచ్చేద్దాం జీవన్. కని ఉన్న మాట చెప్పి అడుగు. ఉన్న మాట చెప్తే ఇచ్చేస్త, ఒక్క మాట సుత అనను. బ్యాటరీ పేరు మీద, దేవుని పేరు మీద అడిగితే ఇయ్య."

ఆమె అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఇప్పుడు ఒక్క నిజం చాలు, స్లేటు మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. అదే నిజం దాచుకుంటే యంత్రం ఉంటుంది, కానీ మా మధ్య ఆ మూడు అబద్ధాలు కూడా ఉంటాయి. ఇన్నాళ్ళూ నేను వెతికిన కారణాలన్నీ ఈ ఒక్కదాన్ని చెప్పకుండా ఉండటానికే. చెప్పాక అది ఎంత చిన్నదిగా వినబడిందో.

"నువ్వు వినబడకపోతే, నువ్వు లేవనిపిస్తది," అన్నాను. "గంతే."

పక్క హాస్టల్లో కుక్కర్ ఈల వేసింది. ఎవరో పిల్ల పరుగెత్తింది.

"నీకు గిప్పుడు తెలిసింది," అంది మణి.

"ఏంది?"

"నువ్వు చెవుల్ల వైర్లు పెట్టుకోబట్టి ఎన్నేండ్లాయె? ఫోన్ తనంతల తనే చదివి వినిపిచ్చుడు నేర్చుకున్న కాడినుంచి. ఆఫీసు నుంచి వస్తవు, తింటవు, మంచం మీద పండి వైర్లు పెట్టుకుంటవు. వార్తలు, క్రికెట్, కథలు. నీకు అన్నీ వినబడ్తయి. నాకు నువ్వు వినబడవు."

నాకు ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదు. నా చెవుల నిండా లోకం ఉన్నప్పుడు, గదిలో నేను ఉండనని.

"నన్ను ఒక్కసారి సుత పిలవలేదు నువ్వు," అన్నాను.

"మొదట్ల పిలిచిన. నీకు వినబడలేదు. తర్వాత జర ఏడ్చిన. తర్వాత విన్న."

"ఏం విన్నవు?"

"నీ ఊపిరి." ఆమె గొంతులో ఇప్పుడు నవ్వుంది. "వార్తలు వింటే ముక్కుల నుంచి బుస్సుమంటవు, నీకే మంత్రి పదవి ఇయ్యనట్టు. క్రికెట్ అయితే ఊపిరి ఆపేస్తవు. ఎవడన్న అవుటైతే వదుల్తవు. కథ వింటుంటే నోరు తెరిచి పీలుస్తవు, పాలు తాగే పిల్లగానిలెక్క. మొన్నొక కథకు ముక్కు తుడుచుకున్నవు. ఎందుకని అడగలేదు."

నన్ను ఇన్నేళ్ళు ఒకరు చదువుతూ ఉన్నారు. నేను ఒంటరిగా ఉన్నాననుకున్న గంటలన్నీ నిజానికి ఆమె చేతుల కింద ఉన్నాయి. ఒంటి మీది దుప్పటి ఎవరో లాగినట్టు మొదట సిగ్గేసింది. తర్వాత ఎవరో కప్పినట్టనిపించింది.

"గా మిషిన్‌ల ఏమున్నది అంత?" అని అడిగాను. ఈసారి నిజంగా తెలుసుకోవాలనే.

ఆమె మాటలు ఏరుకుంటోంది.

"ఫోన్ చదివిపెడితే అది ఫోన్ గొంతు. నువ్వు చెప్తే నీ గొంతు. క్లాసుల నా గొంతు, అదైతే నాకే విసుగు. కాగితం మీద ఎవ్వరి గొంతు ఉండదు, కని నాకు దొరికినయి అన్నీ పాఠాలే. కథల పుస్తకాన్ని ఇట్ల ఎవ్వరి గొంతు లేకుండ ఎన్నడు చదవలేదు జీవన్. మాట వచ్చి వేలి కింద నిలబడ్తది. నేను పోనిస్తేనే పోతది. గంతే."

ఆమె కూడా గంతే అంది.

నేను ఫోన్ తీసి తారక్‌కు కలిపాను.

"చెప్పన్నా," అన్నాడు. "ఎట్లున్నది? లైన్ల ఉన్నాయన పొద్దుగాల సుత అడిగిండు."

"ఆయనకు ఇంకొకటి తెప్పియ్యి తమ్మీ. ఇది మా ఇంట్లనే ఉంటది."

"అక్కకు నచ్చిందా?"

"అక్కను అడుగు, ఈడనే ఉన్నది," అన్నాను. ఆ మాట అనడం బాగుంది.

మణి అతనితో ఏదో ఛార్జింగ్ గురించి మాట్లాడి, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్ళీ కుర్చీలోకి వెళ్ళింది. నేను ఇయర్‌ఫోన్లు తీసుకోలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని విన్నాను. మొదట ఏమీ లేదు. బండ్లు, హాస్టల్ కుళాయి, ఎక్కడో మెట్రో వెళ్ళిన మోత. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు పెట్టాను, చెట్టు కింద ఆకులు తీసి నేల చూసుకున్నట్టు. చాలాసేపటికి ఆమె ఊపిరి దొరికింది. నేను అనుకున్నదానికంటే చిన్నది, కొంచెం త్వరగా ఉంది.

అది ఆగింది.

కథలో ఎవరికో ఏదో అయింది, లేదా ఏ మాటో ఆమెలో ఎక్కడో తగిలింది. ఏమైంది మణీ, అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె ఊపిరి వదిలేదాకా నేనూ వదల్లేదు.